బాకీ చిల్లర

రిటైరైన మూడో వారం.
యశవంతపుర డిపోలో విజిలు అప్పజెప్పి వచ్చిన చేతులకి
ఇంట్లో ఏం పని?
చింపడానికి టికెట్లు లేవు,
"ముందుకు జరగండి" అంటే జరిగే జనం లేరు.

అందుకని పుట్టగొడుగులు తెచ్చాను.
నీలం ప్లాస్టిక్ డబ్బాలో, పైన పల్చటి కవరు బిగించి,
బడికి బయల్దేరిన టోపీల్లా వరసగా.
అమ్మిన కుర్రాడు, "కడగొద్దంకుల్, తుడిస్తే చాలు" అన్నాడు.
తుడిచాను. ఒక్కోదాన్నీ.
ముప్ఫై రెండేళ్ళు బ్యాగులో చెయ్యి పెట్టి
చూడకుండానే రూపాయేదో రెండేదో చెప్పినవాణ్ణి.
ఇంత మెత్తటిదాన్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

పెనం మీద వెన్న, రెండు వెల్లుల్లి రెబ్బలు, మిరియాల పొడి.
తరిగిన ముక్కలు కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.
తర్వాత ఉన్నట్టుండి నీళ్ళు వదిలాయి,
ఆఖరి బస్సులో సీటు దొరికాక
ఏడుపు మొదలుపెట్టే మనిషిలా.
అలాంటివాళ్ళని తొందరపెట్టకూడదు.
టికెట్ కూడా రెండు స్టాపులాగి అడగాలి.
ఆగాను.
నీళ్ళింకి, అంచులు ఎర్రబడి,
తడిమట్టికీ మాంసానికీ మధ్య ఎక్కడిదో ఒక వాసన లేచింది.

ఇదంతా ఎందుకంటే,
పదకొండేళ్ళ కిందట మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో
మునిలక్ష్మి ఒక అద్దాల కొట్టు ముందు ఆగింది.
లోపల ఎవరో అమ్మాయి కాల్చిన రొట్టెని రెండుగా లాగుతోంది,
మధ్యలో చీజు సాగి, సాగి, తెగటం లేదు.
మునిలక్ష్మి చూపు కూడా దాంతోపాటే సాగింది.
గోడ మీది ధర చదివి
"రొట్టే గదా" అని నడిచింది.
నా జేబులో ఆ రోజు
కలెక్షన్ తగ్గినందుకు మర్నాడు కట్టాల్సిన డబ్బుంది.
అంతే ఉంది.

చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిస్తాం.
ఇన్ని రూపాయలు బాకీ, దిగేటప్పుడు తీసుకోండని.
కొందరు మర్చిపోయి దిగిపోతారు.
కొందరు గుర్తుండీ అడగరు.

శాండ్‌విచ్ మిషన్ లేదు మా ఇంట్లో.
దోసెల పెనం ఉంది, మా అత్త ఇత్తడి చెంబు ఉంది.
రొట్టె, చీజు, పుట్టగొడుగులు, మళ్ళీ చీజు, మళ్ళీ రొట్టె,
ఆ పైన నీళ్ళు నింపిన చెంబు బరువు.
మొదటిది మాడింది. సింకు దగ్గర నిలబడి
సాక్ష్యం లేకుండా నేనే తినేశాను.
రెండోదాని మీద చెంబు ఒరిగి దాని పొట్ట పగిలింది.
అదీ నేనే.
మూడోదానికి వచ్చేసరికి పెనం భాష కొంచెం తెలిసింది:
చుర్రుమంటే మంట ఎక్కువ,
గుసగుసలాడితే సరి.

తొమ్మిదీ నలభైకి గార్మెంట్ ఫ్యాక్టరీ వ్యాను చప్పుడు.
మెట్ల మీదినుంచే, "ఏం మాడింది?"
"ఏం లేదు, కూచో."
కొంగున దారప్పోగులు, వేళ్ళకి సుద్ద,
ఓటీ చేసి ఎర్రబడ్డ కళ్ళు.
ప్లేటు చూసింది. విప్పి లోపల చూసింది.
"ఉరిమితే మా గుట్ట మీద మొలిచేవి ఇవి.
ఇప్పుడు డబ్బాల్లో మొలుస్తున్నాయా?"

కొరికి లాగింది.
చీజు సాగింది.
చెయ్యి ఎంత దూరం పోతే అంత దూరం.
నేను ఊపిరి బిగబట్టాను.
ఆమె తల వెనక్కి వంచి, కిందినుంచి నోటితో అందుకుని,
చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువ" అంది.
కాసేపాగి,
"రొట్టే గదా" అంది,
అచ్చం ఆ రోజు గొంతుతో.

నేను తలెత్తలేదు.
సుద్ద అంటిన వేలు ప్లేటు అంచు మీది చీజు గీరుతోంది.
"ఇంకోటుందా?"

చెంబులో నీళ్ళు మళ్ళీ నింపాను.