పుత్తూరు కట్టు

కొళాయి కాడ జారిపడి ముంజేయి విరిగితే
నగరి మీదుగా బస్సులో పుత్తూరు పోయినాను.
ఆయన ఎముకని వేళ్ళతోనే చదివినాడు.
ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు,
పైన బిగించి గుడ్డ.
"దురద పెడతాది. విప్పి చూడొద్దు మేయ్.
చూస్తే అతుక్కోదు."

తపస్సుకాలం ఐదో ఆదివారానికి ముందు రోజు
చిత్తూరు గుళ్ళో స్వరూపాలకి
ఊదా గుడ్డలు కట్టే పని నాది.
పద్దెనిమిదేండ్లుగా నాది.
మరియమ్మకి నాలుగు గజాలు,
జోజప్పగారికి మూడున్నర,
అంతోనివారి చిటికెనవేలు విరిగిన కాడ
గుడ్డ చిరక్కుండా దూది పెట్టాల.
ఇవన్నీ యాడా రాసిపెట్టలేదు.
నా చేతికే తెలుసు,
ఆ చెయ్యేమో మెడకి వేలాడతా ఉండాది.

స్వాములు సెలీనాని పంపినాడు.
నా తోడికోడలు.
అత్త పోయినాక గ్రైండరు ఎవరింట్లో ఉండాలని మొదలై,
ఆ గ్రైండరు పాతసామాన్లోడికి పోయినా
మాకు ఆరేండ్లుగా మాటల్లేవు.

నిచ్చెన ఆమె ఎక్కింది. కింద నేను.
ఏ గుడ్డ ఎత్తి ఎటు చూపిస్తే
అది ఆ స్వరూపానిదని తెలుసుకునింది.
అంతోనివారి కాడ మాత్రం
దూది చేతికిచ్చి నా చిటికెనవేలు ఆడించినాను.
నవ్విందో ఏమో,
అంత ఎత్తులో మొగం అగపడలే.

ఒంటిచేత్తో ముడి పడదు.
ఒక కొస ఆమె, ఒక కొస నేను,
మరియమ్మ నడుము కాడ.
ముడి మీద ఆమె వేలు అదిమి పెట్టింది, నేను లాగినాను.
వేలు చిక్కుకునింది. అరవలే.

ఆ రెండు వారాలూ
గుడి నిండా ఊదా నిలువులు.
ఏ గుడ్డ కింద ఎవరని పిల్లోళ్ళు పందేలు కాసినారు.
లూర్దమ్మవ్వ మాత్రం ఎప్పట్లానే మోకరించి
అప్పులోళ్ళ పేర్లన్నీ గుడ్డకే చదివింది.
"మొగం కనపడకపోతే ఏం,
చెవులు ఉండాయి గదా లోపల."

ఆ మొగం ముందర కండ్లెత్తక ఆరేండ్లయింది నేను.
గుడ్డ ముందర కొంచెం సులువైంది.
ఎవురికీ చెప్పలేదు.
కట్టు కింద దురద మొదలైంది.
చీపురుపుల్ల దాకా పోయి వెనక్కి వచ్చినాను.

పాస్కా శనివారం రాత్రి,
జాగరణకి ముందే గుడ్డలు తీయాల.
జోజప్పగారి చెవి వెనక సాలీడు గుడ్లు పెట్టినాది.
అంతోనివారి దూది పెట్టింది పెట్టినట్టే ఉండాది.
మరియమ్మ ముడి ఒకటే రాలేదు.
సెలీనా గోళ్ళతో పీకింది, పండ్లతో లాగింది.
బయట జనం, చేతుల్లో వెలిగించని కొవ్వొత్తులు.

"ఎంత బిగించినారబ్బా దీన్ని," అనింది,
నన్ను చూడకుండా, ముడితో అన్నట్టు.

జవాబు నోట్లో తిరిగింది గానీ
నిచ్చెన కదలతా ఉండాది,
పట్టుకోడానికి ఉండేది ఒక్క చెయ్యి.
"కత్తెర తేనా?" అన్నాను.

"వద్దు. వచ్చే ఏడాదికీ ఈ గుడ్డే గదా.
కొంచెం ఆగు. వస్తాది."