మూడు బకెట్లు

జిగణిలో పదకొండేళ్లుగా
నేను కోసింది రాయి, మోసింది నీళ్లు.
రంపం కింద కారేదాన్ని
సూపర్‌వైజరు స్లర్రీ అంటాడు,
మా ఆవిడ రాతిపాలు అంటుంది.
నా చొక్కాలు ఉతికే రోజు మాత్రం
ఆమె నోట ఆ మాట రాదు.

చీమకుర్తి నుంచి ట్రెయిలర్ ఎక్కి వచ్చిన దిమ్మె.
మా వైపుదే. నల్లటి ఒంట్లో వెండి చుక్కలు.
కోసేటప్పుడు చూడాలి,
అంత నల్లటిదీ
బూడిదరంగులోనే ఏడుస్తుంది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత.
మేం కొండను కోసి పలకలు పట్టాం.
ఎలుక మాత్రం ట్యాంకర్లో మిగిలిపోయేది.
రాత్రి రెండు దాటాక లైట్లు ఆర్పి
ఆనేకల్ రోడ్డు వార చెరువు కొసన
వాల్వు తిప్పేవాణ్ణి.
ట్రిప్పుకి నూట యాభై.

ఒక వేసవిలో కొంగ దిగింది అక్కడ,
నీళ్లనుకుని.
బురద ఎండి దాని కాళ్లకు మేజోళ్లయింది.
చచ్చిపోయిందనను. ఎగిరింది.
కాకపోతే చాలాసేపు పట్టింది.

తర్వాత నాగవేణి వచ్చింది ల్యాబ్‌లోకి,
కోలారు పిల్ల, డిప్లొమా.
ఎండిన పిండిని జల్లెడ పట్టి
రెండు వేళ్ల మధ్య నలిపింది,
సంతలో మా అమ్మ ముగ్గుపిండి బేరమాడినట్టు.
"పది బకెట్ల ఇసకలో మూడు తీసెయ్ మాలకొండన్నా,
ఆ మూడూ ఇది పొయ్."
"నాలుగు పోస్తే?"
నాలుగు పోసిన ఇటుక
ఏడోరోజు మిషన్లో బిస్కెట్లా విరిగింది.
ఆమె నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.
మూడుతో కూడా వెంటనే కుదరలేదు,
ఒకసారి నీళ్లెక్కువ, ఒకసారి సిమెంటు తక్కువ.
పందొమ్మిది ఇటుకలు
షెడ్డు వెనక మా టీ బల్లకు కాళ్లయ్యాయి.
ఇరవయ్యోది
ముల్లు ఎర్రగీత దాటినా
నోరు తెరవలేదు.

సేటు ఒప్పుకున్నది చెరువు మీద జాలితో కాదు,
ఇసక లోడు రేటు చూసి.
నిన్నటిదాకా పారబొయ్యడానికి డబ్బిచ్చినవాడు
ఇవాళ తూకం దగ్గర నిలబడి
చారెడు ఒలికినా కేకలేస్తాడు.
నా ట్రిప్పు డబ్బులు పోయాయి.
ఇది చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

చెరువు కొస ఇంకా తెల్లగానే ఉంది.
పోసినదాన్ని ఎత్తే లెక్క
నాగవేణి పుస్తకంలో ఇంకా లేదు.
రాత్రి రెండింటికి
నాకిప్పటికీ మెలకువొస్తుంది.

మొన్న ఆదివారం వాన.
బస్టాపులో కొత్తగా పరిచిన ఇటుకలు
తడిసి నల్లబడుతుంటే
మా ఆవిడకు చూపించాను:
"ఇందులో పదికి మూడు పాళ్లు మన రాయి."
ఆమె చెప్పు బొటనవేలితో
ఒక ఇటుకను మెల్లిగా నొక్కి చూసి
"మిగతా ఏడూ?" అంది.

ఏ ఏటిదో. ఎవరి ఊరిదో.

అత్తిబెలె బస్సొచ్చింది, నిండుగా.
ఎక్కలేదు మేం.