ఎండకు వంగిన రికార్డు

జూలై మొదటి ఆదివారం
ఇసుకలో గుంజలు పాతి, పైన తడికెలు కప్పితే
ఇగరాషి గారి కొట్టు తయారు.
ఏడాదికి యాభై రోజులు బతికే ఇల్లు.
ఆ వేసవి బోసో తీరంలో అలాంటివి పదకొండు,
మాది చిట్టచివరిది,
కొండచరియ నీడ అన్నిటికంటే ముందు వాలేచోట.

నా పని ఐసు తురమడం.
ఇనప చక్రం తిప్పుతుంటే
దిమ్మ కిందినుంచి తెల్లటి పొట్టు రాలేది,
దానిమీద ఎర్రటి పాకం, గిన్నె నూటయాభై యెన్.
నాకు పదహారేళ్లు.
భుజాలమీద చర్మం ఉల్లిపొరలా లేచేది.

బీరు పెట్టెలమీద రికార్డ్ ప్లేయరు,
దానికి ఒకే ఒక్క రికార్డు.
మిగతావి ఇంట్లో ఉన్నాయట, తొమోఎ గారు తేనివ్వలేదు.
"ఉప్పుగాలి తినడానికి ఒకటి చాలు."
అట్టమీద ఈతకొలను, అందులో ఎవరూ లేరు.
వెనకాల నాలుగు పేర్లు.

మొదటిది ఏడు దెబ్బల లెక్క.
నూడుల్స్ వేయిస్తూ ఇగరాషి గారు
గరిటెతో పెనం అంచుమీద చూపించారు:
మూడూ, నాలుగూ. మూడూ, నాలుగూ.
మెట్టు ఒకటి ఊడిన నిచ్చెన దిగుతున్నట్టు.
రెండు రోజులు నా చక్రం దానికి అడ్డంపడింది.
మూడోనాడు మిట్టమధ్యాహ్నం
తొమ్మిదిమంది పిల్లలు వరసలో గోలచేస్తుంటే
చెయ్యి దానంతటదే దారిలో పడింది.
ఎవరికి చెప్పను?
అందరికీ పాకం కాస్త ఎక్కువ పోశాను.

బేస్ గిటారు చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసేది.
ఎలక్ట్రిక్ పియానో
బార్లీ టీ సీసాలో కదిలే వెలుతురు.
ఆ గిటారతను మాత్రం పెళ్లివిందులో తాగిన చిన్నాన్న,
మొదలెడితే ఆపడు,
అయినా ఎవరూ కుర్చీలోంచి లేవరు.

షిగే బామ్మ రోజూ వచ్చేది,
అరవై ఏళ్లు ఊపిరి బిగబట్టి
నత్తలకోసం మునిగిన మనిషి.
చాపమీద కాళ్లు చాపుకుని అడిగేది:
"పాడేవాడు ఎప్పుడొస్తాడు?"
"దారిలో ఉన్నాడు బామ్మా," అనేవారు ఇగరాషి గారు.
ఆమె తలూపి ఎదురుచూసేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం
ఆయన కునుకు తీస్తుండగా నీడ జరిగిపోయింది.
తిరుగుతున్న రికార్డుమీద ఎండ కూర్చుంది.
సాయంత్రానికి దాని అంచు
వేయించిన అప్పడం.
తొమోఎ గారు "చెప్పానా" అనికూడా అనలేదు,
పర్సు తీసి పది యెన్ల నాణెం ఇచ్చారు,
సూది తలమీద బరువుకు.

ఆ తర్వాత చుట్టుకొకసారి
పియానో లేచేది, దిగేది.
లేచినప్పుడు నా కడుపులో
పడవ గట్టు వదిలినట్టుండేది.

మొన్న పళ్ల డాక్టరు దగ్గర
నోరు తెరుచుకుని పడుకుంటే, పైకప్పులోంచి అదే.
శుభ్రంగా, మరకలేకుండా, ఇస్త్రీ చేసినట్టు.
నలుగురూ ఉన్నారు.
ఎత్తు రావలసినచోట
నా కుడిచెయ్యి కుర్చీ పిడిని పట్టుకుంది.
పియానో తిన్నగా వెళ్లిపోయింది.
"నొప్పిగా ఉందా?" అన్నాడు డాక్టరు.

బోన్ పండగ దాటాక నీళ్లలోకి జెల్లీచేపలొచ్చాయి.
ఈతకొచ్చేవాళ్లు మానేశారు.
ఆ వారమంతా ఇగరాషి గారు
ఖాళీ సముద్రానికి రెండోవైపు వేసి
గాలి తీసిన ట్యూబులు మడతపెట్టారు.
నా ఐసు చక్రానికి నూనె రాసి గోనెలో చుట్టాను.

ఆఖరిరోజు తడికెలు ఊడదీస్తుంటే
చేతిలో నాచు బుట్టతో షిగే బామ్మ వచ్చింది.
ప్లేయరు అప్పటికే వ్యానులో ఉంది.
గుంజలు పీకిన గుంటల్ని,
వాటిల్లోకి జారుతున్న ఇసుకని కాసేపు చూసి
"వచ్చాడా?" అంది.

"వచ్చి వెళ్లాడు," అన్నారాయన.

"నాకు వినపడిందిలే,"
బుట్ట చంక మార్చుకుంటూ అంది బామ్మ,
"ఎండెక్కువైన రోజునుంచి."