పక్క తలుపు

ఈ బొమ్మ నేను ముప్పైయొకటోసారి చూస్తున్నాను.
చూడ్డమంటే చూడ్డం కాదు,
టార్చిలైటు పట్టుకుని గోడకి ఆనుకుని
చూసేవాళ్ళని చూడ్డం.

రాయగడలో తెలుగు బొమ్మకి జనం
మూడు భాషల్లో భయపడతారు.
పేపరు మిల్లు షిఫ్టు దిగినోళ్ళు ఒడియాలో,
సంతకొచ్చి కొండెక్కకుండా ఆగిపోయినోళ్ళు కువిలో,
మనోళ్ళు ఓలమ్మో అని.
అందరూ ఒకే చోట:
మెట్ల మీద నీడ పడ్డప్పుడు,
సొరుగులో కత్తి లేదని తెలిసినప్పుడు.
వయొలిన్లు ముందే చెప్పేస్తాయి కదా,
ఇదిగో, ఇప్పుడే, గుండె పట్టుకోండని.

ఈమె అక్కడ ఉలిక్కిపడదు.
ఎఫ్ వరస, గోడ పక్క సీటు.
మొన్నొకసారి, ఇవాళ మళ్ళీ,
మొగుడితోనే.

ఈమె ఉలిక్కిపడేది
తెర మీద ఏమీ జరగని చోట.
మధ్యాహ్నం. వంటిల్లు. వెలుతురు బానే ఉంటుంది.
అతను వచ్చి
ఆమె పెట్టిన కప్పుని
ఒక్క అంగుళం పక్కకి జరుపుతాడు.
"నీ మంచికే చెప్తున్నా" అంటాడు.
గొంతు తేనె. మ్యూజిక్కు లేదు.
జనం అప్పుడు ఫోన్లు చూసుకుంటారు,
ఇంటర్వెల్లో గప్‌చుప్ తిందామా అనుకుంటారు.
ఈమె కుర్చీ చెయ్యి పట్టుకుంటుంది,
ఘాటీలో బస్సు కడ్డీ పట్టుకున్నట్టు.

నాకెలా తెలుసంటే,
మొదటాటకి నా చేతిలో టార్చి
అక్కడే జారిపడింది.
సెల్లులు రెండూ దొర్లుకుంటూ తెర దాకా పోయాయి.
"ఏటి దాలమ్మా, భయమేటి?" అని మేనేజరు నవ్వేడు.
ఆరేళ్ళయింది నేను ఆ ఇంట్లోంచి వచ్చి.
ఇప్పటికీ కప్పు ఎక్కడ పెట్టాలో
ఒక్క క్షణం ఆలోచిస్తాను.

బొమ్మ తీసినాయన తెలివైనోడే.
కప్పు దాకా వచ్చాడు.
ఆ తర్వాత ఆయనకే నమ్మకం చాల్లేదు,
వాన తెచ్చాడు, కరెంటు తీసేశాడు,
మేడ మీంచి తోసే సీను పెట్టాడు.
చివరి పది నిమిషాల్లో పోలీసు జీపు.

మా ఇంటికి ఏ జీపూ రాలేదు.
మా ఇంట్లో కరెంటు ఎప్పుడూ పోలేదు.
నా ఫోనుకి రీచార్జి ఆయనే వేసేవాడు.
"ఎక్కడున్నావ్? ఫోను తిప్పి గోడ చూపించు."
గోడ చూపించేదాన్ని.
సున్నం రాలిన చోటు కూడా.
ఎవరైనా అడిగితే
బంగారంలాంటోడమ్మా, చెయ్యెత్తడు, అనేదాన్ని.
అబద్ధం కాదు.

ఇంటర్వెల్. లైట్లు వెలిగాయి.
అతను ఒళ్ళు విరుచుకుంటూ
"పిచ్చి మొహంది! అన్నీ తెలిసీ వెళ్ళిపోదేం?"
గట్టిగానే అన్నాడు,
ముందు వరస తలూపింది.
రెండు ఫోన్లూ అతని జేబులోనే.
"నీకు సోడా పడదు" అని ఈమెకి చెప్పి
తన సోడాకి తను వెళ్ళాడు.

ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు వంగి
టార్చి ఆమె కాళ్ళ దగ్గర వేసి అన్నాను:
"ఆ ఎర్ర బల్బు కింద తలుపుంది.
గడియ లోపలివైపే. పైకెత్తి లాగాల.
బయట సందు. సందు దాటితే ఆటోలు.
స్టేషనుకి పావుగంట పట్టదు."

ఆమె తెరకేసే చూస్తోంది,
సబ్బు అడ్వర్టైజుమెంటు.
నాకు సిగ్గేసింది. తప్పు మనిషికి చెప్పానా?
అప్పుడంది, పెదాలు కదిలీ కదలకుండా,
నేనడగని మాట:
"సంయుక్త."
అంతే. అతను వచ్చేశాడు.

సెకండాఫ్ అంతా
ఎర్ర బల్బు వంక ఒక్కసారీ తల తిప్పలేదు.
చూడాలనున్న వైపు చూడకపోవడం,
ఆ చదువు నేనూ చదివాను.
జీపు వచ్చింది. ఈలలు.
అందరితో పాటు పెద్ద తలుపు గుండానే వెళ్ళారు,
అతని చెయ్యి ఆమె మెడ వెనక,
చూసేవాళ్ళకి ముచ్చటగా.

గురువారం దాకా ఈ బొమ్మే.

రాత్రి ఊడ్చేశాక పక్క తలుపు దగ్గరికెళ్ళాను.
గడియ తుప్పట్టి బిగుసుకుపోయింది,
ఎత్తితే హాలంతా వినపడేలా కీచుమంది.
సందులోంచి మిల్లు వాసన, నాగావళి తడిగాలి.
తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి
చుక్క చుక్కగా పోసి
ఆడించాను, మళ్ళీ ఆడించాను,
చప్పుడు ఆగేదాకా.