కూలి అడిగే బొమ్మ

మత్రాల, చేపల మార్కెట్ ఎనక గల్లీల
ముర్తదా సేటు బైండింగ్ దుకాణం.
పొద్దంతా బడిపిల్లల బుక్కులు, ఓడల లెక్కల దస్త్రాలు.
సిరిసిల్లల సాంచె మీద తెగిన పోగు అతికిన చేతులు
ఈడ తెగిన కాగితం అతుకుతయి.
గంజి వాసనొక్కటే మారలే.

ఒపెరా హౌస్‌ల వేషాలు కుట్టే ఇంగెబోర్గమ్మ
తువాల్ల చుట్టి ఒక పుస్తకం తెచ్చింది,
చంటిదాన్ని దవాఖానకు తెచ్చినట్టు.
వాళ్ళ నాయనమ్మదట. నూరేండ్లు దాటిందట.
సముద్రపు తేమ తిని కుట్టూడింది,
బొమ్మలు ఏడియాడ రాలుతున్నయి.

ఒక్కో బొమ్మ మీద ఉల్లిపొర కాగితం.
లేపితే కింద ఇంకో లోకం:
నది అడుగున బంగారం కాసే ముగ్గురు ఆడపిల్లలు,
వాళ్ళ జుట్టు నానవెట్టిన నూలు లెక్క ఊగుతది.
మంటల కంచె నడుమ
ఇనుప రవిక తొడుక్కొని పండుకున్న పిల్ల.
ఒంటికన్ను దేవుడు, భుజమ్మీద కాకి.
ఇది ఆటనట, అంతా పాటనేనట,
నాలుగు రాత్రులు ఆడుతరట.
'మా ఒగ్గుకథ లెక్కనా?' అన్న.
ఆమెకు తెల్వది.
నేను చేతులు తిప్పి చూపిచ్చిన, ఆమె గొంతెత్తి చూపిచ్చింది,
సేటు చాయ్ తెప్పిచ్చిండు.

తొమ్మిదో బొమ్మ కాడ నా చెయ్యి ఆగింది.
కోట గట్టిన ఇద్దరు రాక్షసులు
గేటు ముందట నిలవడ్డరు.
రాక్షసులంటే కోరలుంటయనుకుంటం గద,
లేవు. మోకాళ్ళకు అతుకులున్నయి.
మడిమల పగుళ్ళు గీసిండు ఆ గీసినాయన,
ఒక్కొక్క పగులు, సన్న కలంతోని,
సున్నం తిన్న కాళ్ళ పక్కన కూసోని చూసినట్టు.
దేవుడు మొఖం అటు తిప్పుకున్నడు.

'ఏమంటున్నరు వీళ్ళు?'
'కూలి' అన్నది ఇంగెబోర్గమ్మ.
కోటైతే లేసింది. ఇస్తనన్నది ఇస్తలేడు.

నాకు రుసైల్ క్యాంపు యాదికొచ్చింది.
ఏడు నెలల జీతం కోసం మా చిలగాని లింబాద్రి
కంపెనీ గేటు ముందట ఇట్లనే నిలవడ్డడు,
సద్ది డబ్బ రెండు చేతులల్ల పట్టుకొని
తానే దొంగతనం చేసినట్టు.
ఆయన పోసిన స్లాబు కింద
ఇయ్యాల ఎవలో ఏసీ పెట్టుకొని పండుకుంటున్నరు.
లింబాద్రి మడిమలు ఎవ్వలు గియ్యలే.

'మరి ఇచ్చిండా ఆఖరికి?'
ఇచ్చిండట, ఎత్తుకొచ్చిన బంగారం.
దాంట్ల ఒక ఉంగరం, ఉంగరం మీద శాపం.
పంచుకునేకాడ ఒకడు ఇంకొకణ్ణి కొట్టి సంపిండట.
ఆ బొమ్మ చూద్దామంటే లేదు,
చింపిన అంచొక్కటి కుట్టుల ఇరికి ఉన్నది.
నాయనమ్మ చిన్నప్పుడు భయపడి చింపిందో,
ఏ పిల్లగాడన్న గోడకు అతికిచ్చుకున్నడో.

మైద లై పలుచగ కలిపిన.
మడతలల్ల మూడు రాత్రులు బరువు పెట్టిన.
లేని బొమ్మ జాగల
ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టిన,
ఆమెను అడగలే.

వారానికి వచ్చింది. ముందుగాల మంటల బొమ్మ తెరిచింది,
అందరు అదే తెరుస్తరు.
తెల్ల కాగితం కాడికొచ్చి
వేలితోని నిమిరింది, ఏమనలే.
సంచిల చెయ్యి వెట్టి 'ఎంత?' అన్నది.
నోరు తెరిచిన.
అంకె రాలే.

లోపటినుంచి సేటే ఒర్లిండు:
ఎనిమిది రియాళ్ళు,
తెల్ల కాగితానికి వేరే.