నీడకి వేరే రేటు

పర్లాకిమిడిలో బిసోయి బాబు కొత్త టైర్ల కొట్టు.
బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు.
"ఎంతవుద్ది?" అన్నాడు.
"మీరెంతలో అనుకున్నారు?" అన్నాను.
ఇద్దరం టీ గ్లాసుల్లోకి చూశాం.
ముందు నోరు విప్పినవాడే లోకువ.

నేనే విప్పాను. మూడు వేలు.
రెండిస్తాను, తెలుగు వరస తీసెయ్ అన్నాడు.
తీస్తే పాతపట్నం ఆటోలవాళ్ళు
పక్క కొట్టు ముందు ఆగుతారన్నాను.
గడ్డం గోక్కున్నాడు. రెండున్నర.

సరే, అక్షరాలన్నీ ఉంటాయి,
వాటి వెనక నీడ ఉండదు.
"నీడక్కూడా డబ్బులేటయ్యా!"
నవ్వాడు. నేనూ నవ్వాను, అడ్వాన్సు లెక్కపెడుతూ.

ఇప్పుడా వీధిలో సైకిలు వేగంగా తొక్కుతాను.
తలకట్లన్నీ రేకుకి అతుక్కుపోయి
ఎండలో వెలవెలబోతూ
నా రాతే నన్ను
అయిదొందలు బాకీ అడుగుతోంది.