వెనక స్పీకర్లు

కొర్లగుంటలో ఇల్లు. పది బై పన్నెండు గది.
సోఫా వెనక జానెడు చోటు లేదు.
"వెనకవి వద్దు సార్, ముందర మూడు పెట్టుకుందాం.
గోడకు అంత ఆనుకుంటే శబ్దం తేలదు" అన్నాను.
రిటైరైన బస్సు డ్రైవరు చెంగల్రాయులు
తలకాయ అడ్డంగా ఊపి
"ముందరివి లేకున్నా పర్వాలేదబ్బా,
నాకు వెనకవే కావాల" అన్నాడు.

ఫైవ్ పాయింట్ వన్ అంటే ఏందని అడిగినాడు.
వంద ఇళ్ళల్లో చెప్పిన మాటే చెప్పినాను.
మాటలకు నడిమధ్య ఒకటి,
పాటకూ పరుగుకూ కుడి ఎడమలు,
వెనక రెండు వానకు, జనానికి,
కనపడకుండా వచ్చే దేనికైనా.
"మరి పాయింట్ వన్?"
మూలన పెట్టే ఆ పెద్ద డబ్బా సార్.
"అంత లావుదానికి పదోవంతేనా?"
లోతు శబ్దం తప్ప ఇంకేం పలకదు గదా.
కాసేపు ఆలోచించి, "ఇంజనూ అంతేలే,
సీట్ల లెక్కలోకి రాదు" అన్నాడు.

అట్మాస్ గురించీ చెప్పినాను, అమ్ముకునేవాణ్ణి కదా.
పైకప్పులో పెడితే హెలికాప్టర్ నెత్తిన తిరుగుతుంది సార్.
"నా నెత్తిన కోతులు తిరిగినాయి.
మలుపు కాడ బండి నిదానిస్తే టాపు మీదికి దుమికేవి.
ఏ సీటు పైన ఉండాయో చూడకుండా చెప్పేవాణ్ణి.
దానికి మళ్ళా నలభై వేలా!"

డ్రిల్లు తిరుగుతా ఉంది, నా రెప్పల మీద సున్నం పొడి.
నిచ్చెన పట్టుకోని ఆయన చెప్పుకుంటా పోయినాడు.
కొండెక్కేటప్పుడు కండ్లు రోడ్డు విడవకూడదు.
తిరిగి చూసేదానికి లేదు.
చెవుల్నే వెనక్కి పంపేది.
కిటికీలో కక్కుకునే పిల్లోడు, ఎడమ పక్క మూడో సీటు.
దిగేటప్పుడు చివరి వరసలో కొత్త గుండ్లు
ఒకరిది ఒకరు తడుముకోని నవ్వులు.
ప్రతి మలుపులో గోవిందలన్నీ కుడికి ఒరిగి
మళ్ళా సర్దుకోని కూచునేవి.
"ముప్పై ఏండ్లు నేను చూసింది రోడ్డు.
మనుషుల్ని విన్నానంతే."

పరీక్ష మొదలుపెట్టినాను.
వంటింట్లో కుక్కర్ కూత. ఆపి, మళ్ళా మొదలు.
డిస్కులో ఆడగొంతు ఒక్కో స్పీకరు పేరు పిలుస్తుంది.
లెఫ్ట్. సెంటర్.
రైట్.
చాప మీద ఆయన ఎడమకాలు లేచింది,
కుడికాలు మెల్లగా నొక్కింది.
సరౌండ్ రైట్.
కాలు ఆగిపోయింది.

"తప్పు పక్కనించి వస్తా ఉంది" అన్నాడు.
లేదు సార్, సరిగ్గానే ఉంది, కుడి వెనక.
"దొరసామి ఎడమ పక్క గదా నిలబడేది, వెనక తలుపు కాడ!
వాడి రైట్ రైట్ ఎప్పుడూ ఎడమ చెవిలోనే."

పదిహేనేండ్ల పని నాది.
ఎర్ర తీగకు ఎరుపు, నల్లదానికి నలుపు,
మిల్లీమీటరు తేడా వస్తే నిద్ర పట్టదు నాకు.
ఆంప్లిఫయర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి
వెనక జతను అటుదిటు, ఇటుదటు మార్చినాను.
దొరసామి ఇప్పుడు యాడున్నాడని అడగబోయి
నోరు మూసుకోని స్క్రూలు బిగించినాను.

ఇంకోసారి పెట్టమన్నాడు.
ఎడమ భుజం వెనకనించి ఆ మాట వచ్చింది.
ఆయన తల తిప్పలేదు.
టీవీలో బొమ్మేం లేదు, నీలం తెర.
దాన్నే చూస్తా ముందుకు కొంచెం వంగినాడు,
మలుపులో వంగినట్టు.

వారం తర్వాత వాళ్ళ అల్లుడు ఫోను.
"ఏందన్నా, వాన ఒకపక్క కనపడి
ఇంకోపక్క కురుస్తా ఉంది?"
మీ మామ ఫార్మాట్ అంతేనప్పా, అని చెప్పి
బిల్లులో ఆ తీగల సంగతి రాయనందుకు
నాలో నేనే నవ్వుకోని
రేణిగుంట రోడ్డులో ఇంకో ఇంటికి పోయినాను.
ఆడ వెనకవి వద్దన్నారు.